గాలివాన తరువాత: జిప్పు తలుపు ఉన్న చిన్న గ్రీన్‌హౌస్ కిట్టుపై సమీక్ష

ఇంటి తోటలో నారు పెంచుకునేవారి కోసం అమ్ముతున్న చిన్న గ్రీన్‌హౌస్ కిట్లలో చాలా భాగం ఒకే నమూనాలో తయారవుతున్నాయి. పౌడర్ కోటింగ్ వేసిన సన్నని ఉక్కు పైపులు, ఆ పైపులను మూలల్లో కలిపే ప్లాస్టిక్ జాయింట్లు, లోపల దారపు గళ్ళ అల్లిక ఉన్న పాలిథీన్ కవరు, ముందువైపు జిప్పుతో తెరిచి పైకి చుట్టి కట్టుకునే తలుపు, పక్కల దోమతెర కిటికీలు, లోపల రెండు వైపులా తీగ అరలు, నేలలో గుచ్చడానికి కొన్ని సన్నని కమ్మీలు, నాలుగు తాళ్ళు. ఈ సమీక్షకు తీసుకున్నది 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న కిట్టు. ఇదే వస్తువు అనేక పేర్లతో, రంగు మాత్రమే మార్చుకుని దొరుకుతున్నందువల్ల ఒక తయారీదారు పేరు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు, న్యాయమూ కాదు. ఎండ, చినుకులు, మామూలు గాలి ఉన్న రోజుల్లో దీని పనితీరు గురించి మెచ్చుకుంటూ రాసిన సమీక్షలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, గట్టి గాలివాన దీన్ని తాకిన తరువాత ఏ భాగం నిలిచింది, ఏ భాగం విరిగింది, విరిగినదాన్ని బాగుచేసుకోవడం ఎంతవరకు సాధ్యపడింది, లోపలి నారు ఏమైంది అన్న విషయాలకే ఇక్కడ పరిమితమవుతున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇంత తేలికైన కట్టడం పెనుగాలికి చెక్కు చెదరకుండా నిలవాలని ఆశించడం అన్యాయం. గాలి ఒత్తిడి దాని వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వీచే గాలి ఒక చదరపు మీటరు గోడను సుమారు 6 కిలోల బరువుతో నెడితే, వేగం రెట్టింపై 72 కిలోమీటర్లకు చేరినప్పుడు ఆ బరువు 25 కిలోలవుతుంది, 108 కిలోమీటర్ల వద్ద 55 కిలోలు దాటుతుంది. ఈ కిట్టు పొడవాటి పక్కగోడ విస్తీర్ణం సుమారు 6 చదరపు మీటర్లు. అంటే 72 కిలోమీటర్ల గాలికే ఆ గోడ మీద 150 కిలోల తోపు పడుతుంది, కిట్టు మొత్తాన్ని చూస్తే ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తి పక్కకు పెట్టగలిగేంత తేలిక. గాలి తీవ్రతను అంచెలుగా విభజించే బ్యూఫోర్ట్ కొలమానంలో గంటకు 62 నుంచి 74 కిలోమీటర్ల గాలిని 8వ అంచెగా లెక్కిస్తారు. చెట్ల చిన్న కొమ్మలు విరిగే దశ అది. చెట్టు కొమ్మ విరిగే గాలికి మిల్లీమీటరు మందం కూడా లేని పైపు వంగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కనుక ఇలాంటి వస్తువును తూచవలసిన ప్రశ్న వేరే ఉంది. గాలికి ఏదో ఒక భాగం ఓడిపోక తప్పనప్పుడు, ముందుగా ఓడిపోయే భాగం ఏది కావాలో తయారీదారు ఆలోచించి పెట్టాడా? తేలికగా మార్చుకోగలిగిన భాగం ముందు ఊడిపోయి, దొరకని భాగాన్ని, లోపలి మొక్కలను కాపాడితే అది మంచి రూపకల్పన. ఈ కిట్టులో జరిగింది దాదాపు దీనికి విరుద్ధం.

మొట్టమొదట ఓడిపోయింది తలుపు జిప్పు. కవరు మొత్తంలో అత్యంత బలహీనమైన చోటు ఇదేనని వస్తువును విప్పిన రోజే చేతికి తెలుస్తుంది. నైలాన్ పళ్ళ జిప్పును కవరు అంచుకు ఒకే వరుస కుట్టుతో కుట్టారు, దాని మీద గాలి నేరుగా తగలకుండా కప్పే పట్టీ లేదు, కింది కొసన జిప్పును నేలకు బిగించే కొక్కెమూ లేదు. తలుపు వైపు నుంచి గాలి కొట్టినప్పుడు జిప్పు మధ్యలో విచ్చుకుంది. తలుపు తెరుచుకోవడం అంటే కొంచెం గాలి, కొంచెం తడి లోపలికి రావడమే కదా అని అనిపించవచ్చు, కానీ గ్రీన్‌హౌస్ కూలిపోయే కథ సాధారణంగా అక్కడే మొదలవుతుంది. గాలి కప్పు మీదుగా పోతున్నప్పుడు కప్పును పైకి పీలుస్తుంది. అన్ని వైపులా మూసి ఉన్నంతవరకు చట్రాన్ని పైకి లేపేది ఆ ఒక్క పీల్పే. గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరుచుకోగానే లోపల నిండిన గాలి కప్పును, మిగిలిన మూడు గోడలను బయటికి నెట్టడం మొదలుపెడుతుంది. బయటి పీల్పు, లోపలి తోపు ఒకే దిశలో కలిసిపోతాయి. జిప్పు కుట్టు దగ్గర చేసిన పొదుపు చట్రం మొత్తాన్ని నేల నుంచి లేపేసింది.

తలుపును ఏ దిక్కుకు పెట్టుకోవాలన్న విషయం మీద కిట్టుతో వచ్చిన కాగితంలో ఒక్క వాక్యమూ లేదు. గట్టి గాలి సాధారణంగా ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కుకు సన్నని వెనుక గోడను, దానికి వ్యతిరేక దిక్కుకు తలుపును ఉంచితే సగం ప్రమాదం తగ్గుతుందన్న సంగతిని ఒక బొమ్మతో చెప్పి ఉండవచ్చు. ఆ కాగితం నిండా పైపుల అంకెలు, బాణం గుర్తులు మాత్రమే ఉన్నాయి, పైగా వాటిలోనూ రెండు పైపుల అంకెలు తారుమారయ్యాయి.

నేలకు పట్టు విషయంలో కిట్టు మరీ నిరాశపరిచింది. ఇచ్చిన కమ్మీలు పెన్సిలు మందానికి మించవు, నునుపుగా ఉంటాయి, జానెడు లోతుకే దిగుతాయి. పొడి నేలలో వాటిని సుత్తితో దించినప్పుడు గట్టిగానే కనిపిస్తాయి. గాలివానలో వాన ముందుగా కురిసి మట్టిని నానబెట్టి, ఆ తరువాత గాలి తీవ్రమయ్యే సందర్భాలు ఉంటాయి. నానిన మట్టిలో నునుపైన కమ్మీకి పట్టు ఉండదు. మరచుట్టు ఆకారంలో ఉండి, తిప్పుతూ నేలలోకి దించే యాంకర్లు ఇందుకు చాలా మేలు, ఎందుకంటే వాటిని పైకి లాగాలంటే వాటి మీద ఉన్న మట్టి ముద్ద మొత్తం కదలాలి. ఇలాంటివి నాలుగు మూలలకు, పొడవాటి పక్కల మధ్యన ఒక్కొక్కటి, విడిగా కొని వేసుకోవలసిందే. తోటలో నారు పెంచే ఎవరికైనా ఇవి అదనపు సౌకర్యం కాదు, చట్రంలో భాగమే. కాబట్టి కిట్టు ధరతో పాటు వీటి ధరను కూడా కలిపి చూసుకోవడం సబబు. కవరు అడుగున నేలమీద పరుచుకునే అంచు మాత్రం తయారీదారు మెచ్చుకోలుకు అర్హుడైన చోటు. మూడు వైపులా జానెడుకు పైగా అంచు వదిలారు. దాన్ని నేలమీద పరిచి రాళ్ళు పెట్టడం కాకుండా చిన్న కాలువ తవ్వి, అందులోకి దించి, మట్టి కప్పి తొక్కినవారికి అది కమ్మీలకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఈ గాలివానలోనూ మట్టిలో పూడ్చిన వెనుక అంచు కదలలేదు. చినిగింది దానికి పైన ఉన్న కవరు.

జాయింట్ల సంగతికి వస్తే, మూడు పైపులు కలిసే మూలల్లో నల్లటి ప్లాస్టిక్ ముక్కలు వాడారు. పైపును అందులోకి తోసి వదిలెయ్యడమే, బోల్టు లేదు, పిన్ను లేదు, రాపిడే ఆధారం. మామూలు గాలికి కూడా చట్రం అటూ ఇటూ స్వల్పంగా ఊగుతూ ఉంటుంది కాబట్టి ఆ రంధ్రాలు క్రమేణా వదులవుతాయి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అసలు పరీక్ష వచ్చేసరికి గాలి వైపు ఉన్న మూలల్లో కొన్ని ముక్కలు గొట్టం మొదలయ్యే చోట పగిలిపోయాయి, మరికొన్నింటిలోంచి పైపులు జారి బయటికి వచ్చాయి. ఇదే తరహా కిట్లలో ఉక్కు జాయింట్లు, లోపలినుంచి స్ప్రింగు మీట తన్నే పైపులు ఉన్న రకాలు కూడా దొరుకుతాయి. రెండింటి మధ్య ధరలో తేడా ఉన్నా, పక్కపక్కన నిలబెట్టి ఒక మూలను పట్టుకుని ఊపి చూస్తే ఆ తేడా ఎందుకో అర్థమవుతుంది. ప్లాస్టిక్ జాయింట్లున్న కిట్టు ఇప్పటికే ఉన్నవారు ప్రతి మూలలో జాయింటునూ పైపునూ కలిపి ఒక చిన్న సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ (లోహంలో తనే మర చేసుకుంటూ దిగే స్క్రూ) బిగిస్తే పైపు జారిపోవడం ఆగుతుంది. అయితే రంధ్రం పడిన చోట పూత పోయి తుప్పు మొదలవుతుంది కాబట్టి అక్కడ జింకు కలిసిన పెయింటు చుక్క వేయడం మరిచిపోకూడదు.

పైపులు నిజానికి అనుకున్నదానికన్నా మెరుగ్గా నిలిచాయి. ఎక్కువ భాగం కొంచెం విల్లులా వంగాయి, మోకాలి కింద ఆనించి నెమ్మదిగా వంచితే దాదాపు తిన్నగా వచ్చాయి. ఒకచోట చొట్టపడి నొక్కుకుపోయిన పైపును మాత్రం తిన్నగా చేసి వాడటం మంచిది కాదు, ఎందుకంటే సన్నని గోడ ఉన్న పైపు ఒకసారి మడత పడితే ఆ చోట బలం తిరిగి రాదు, తరువాతి గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది. మడత పడిన చోటును కోసేసి, లోపల బిగుతుగా దిగే చెక్క కర్రనో చిన్న పైపునో రెండు వైపులా జానెడు చొప్పున దించి స్క్రూలు బిగిస్తే పైపు మళ్ళీ వాడుకోదగినంత గట్టిగా ఉంటుంది. విడి పైపు ఒక్కటి అమ్మే ఏర్పాటు అమ్మకందారు వద్ద లేకపోవడం వల్ల ఈ పద్ధతి తప్పలేదు.

కవరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ధరలో పెద్ద వాటా దానిదే. గళ్ళ అల్లిక ఉన్న పాలిథీన్‌కు ఒక గొప్ప సుగుణం ఉంది: చిరుగు ఒక గడిలో మొదలైతే తరువాతి దారం దగ్గర ఆగుతుంది, మామూలు పాలిథీన్ షీటులో అది ఈ చివరి నుంచి ఆ చివరి వరకు పరుగెడుతుంది. ఈ కవరులో నడి గోడల మీద రాలిన కొమ్మలు గుచ్చుకున్న రంధ్రాలు అరచేతిని మించి పెరగలేదు. అసలు చిరుగులన్నీ పైపుల వెంబడే వచ్చాయి. దానికి కారణం గాలి ఒక్కటే అనుకోకూడదు. ఎండలో పైపు బాగా వేడెక్కుతుంది, ఆ వేడి పైపును ఆనుకుని ఉన్న పాలిథీన్ మిగిలిన చోట్లకన్నా త్వరగా పెళుసెక్కుతుంది, దానికి తోడు వదులుగా ఉన్న కవరు గాలికి కొట్టుకుంటూ అదే గీత మీద రాసుకుంటుంది. పెద్ద పాలీహౌస్‌లు కట్టేవారు పైపుల పైభాగాన తెల్లటి నురుగు టేపు అంటించడం ఇందుకే. కిట్టులో ఆ టేపు లేదు, విడిగా కొని అంటించుకోవడానికి పెద్ద శ్రమా లేదు. కవరును పైపులకు కట్టడానికి లోపల వెల్‌క్రో పట్టీలు ఇచ్చారు. అవి తడిసిన తరువాత కూడా పట్టు వదలలేదు, కానీ సంఖ్యలో చాలా తక్కువ. పట్టీల మధ్య ఉన్న దూరంలో కవరు తెరచాపలా ఉబ్బింది. కప్పు మీదుగా అడ్డంగా రెండు మూడు చోట్ల వెడల్పాటి పట్టీ తాడు వేసి రెండు వైపులా యాంకర్లకు బిగిస్తే ఆ ఉబ్బు తగ్గుతుంది.

కవరు బాగుచేయడానికి గ్రీన్‌హౌస్ పాలిథీన్ కోసమే తయారైన పారదర్శక అతుకు టేపు వాడాను. ఇది కిట్టుతో సంబంధం లేని విడి వస్తువైనా, సమీక్షలో దీనికి చోటు ఇవ్వకపోతే తప్పవుతుంది, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన పని చెప్పినట్లు చేసింది ఇదొక్కటే. పెట్టెలకు వేసే గోధుమరంగు టేపు ఎండకు కొద్ది వారాల్లోనే ఎండిపోయి పొరలుగా లేస్తుంది, అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా చేసిన టేపు అలా లేవదు. షరతు ఒక్కటే, ఉపరితలం శుభ్రంగా, పూర్తిగా పొడిగా ఉండాలి. వాన వెలిసిన వెంటనే ఆత్రంగా అంటిస్తే లోపల చిక్కిన తేమ జిగురును పట్టనివ్వదు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరనిచ్చి, చిరుగు అంచులు దగ్గరికి తెచ్చి లోపల ఒక పట్టీ, బయట ఒక పట్టీ అంటించి, టేపు మూలలను గుండ్రంగా కత్తిరిస్తే అది లేవదు. పైపు వెంబడి చీలిన పొడవాటి చిరుగులకు టేపు ఒక్కటే చాలదు. పాత కవరు ముక్కను పట్టీగా వేసి గట్టి నైలాన్ దారంతో కుట్టి, ఆ కుట్టు మీద టేపు వెయ్యాలి. విచ్చుకున్న జిప్పుకు మరమ్మతు లేదు. తలుపు రెండు అంచులకూ లోహపు కన్నాలు బిగించి తాడు అల్లుకోవడమే మిగిలింది. పనికి వస్తుంది కానీ రోజూ తలుపు తెరిచి మూసేవారికి అది విసుగు పుట్టించే పని, పైగా ఎండ కాసిన రోజు గాలి ఆడటానికి తలుపు సగం వరకు తెరవడం ఇప్పుడు కుదరదు.

ఇక నారు. అరలను గురించి చెప్పకుండా నారు నష్టం గురించి చెప్పలేను, ఎందుకంటే ట్రేలలోని మొక్కల్లో ఎక్కువ భాగాన్ని నాశనం చేసింది గాలి కాదు, అరలే. ఈ కిట్టులో అరలకు సొంత కాళ్ళు లేవు. అవి చట్రపు పైపులకే కొక్కేలతో వేలాడతాయి. చట్రం ఒక్క అంగుళం పక్కకు జరిగితే కొక్కెం ఊడి, పై అర కింది అర మీద, అది నేల మీద పడుతుంది. చట్రం పూర్తిగా కూలకముందే, ఇంకా కవరు లోపల వాన చుక్క పడకముందే, పై అరలోని ట్రేలు తిరగబడి ఉండాలి. మట్టిపడిన తీరు చూస్తే అది స్పష్టం. అరలను చట్రానికి సంబంధం లేకుండా నాలుగు కాళ్ళ మీద నిలిపి ఉంటే చట్రం కదిలినా ట్రేలు నిలిచేవి. చట్రానికి బరువునిచ్చి స్థిరపరచడానికే అరలను దానికి తగిలించామని తయారీదారు వాదించవచ్చు. ట్రేల బరువు చట్రాన్ని నిలపడానికి ఏమాత్రం చాలదని పై లెక్కలే చెబుతున్నాయి. ఈ కిట్టులో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన లోపం ఇదే.

తిరగబడిన నారును దక్కించుకునే పనిలో మొదటి గంటలు కీలకం. మొక్కలను నిలబెట్టడం కన్నా ముందు చేయవలసింది వేర్లకు ఎండ, గాలి తగలకుండా చూడటం. చెల్లాచెదురైన మొక్కల వేర్లను తడిపిన కోకోపీట్‌తోనో (కొబ్బరి పొట్టు) గోనెపట్టాతోనో కప్పి నీడకు చేర్చాలి, ఆ తరువాత తీరికగా వేరు చేసుకోవచ్చు. విరిగిన మొక్కల్లో ఏవి బతుకుతాయో తేల్చడానికి బీజదళాల జంట, అంటే మొలకలో మొదట విచ్చుకునే రెండు ఆకులు, మంచి గుర్తు. కాండం ఆ జంటకు పైన విరిగితే, మిగిలిన మొదలులో ఆకు పక్కన నిద్రాణంగా ఉన్న మొగ్గ చిగురించే అవకాశం ఉంది. మిరప, వంగ నారు ఇలా పక్క కొమ్మ వేసి కోలుకుంటుంది, కాకపోతే కాపు కొంత ఆలస్యమవుతుంది. బీజదళాలకు కింద విరిగితే ఆ మొదలులో సాధారణంగా మొగ్గ ఉండదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోనవసరం లేదు. టమాటా విషయంలో మాత్రం విరిగి పడిన కొసను కూడా పారవేయకూడదు. దాని కాండం నుంచి వేర్లు సులువుగా వస్తాయి; కొసను కింది ఆకులు తీసి నారు పెంచే తడి మిశ్రమంలో గుచ్చి, నీడలో, తేమ ఆరకుండా ఉంచితే వారం పది రోజుల్లో వేరు పట్టుతుంది. వంగిపోయిన టమాటా నారును కూడా బీజదళాల వరకు లోతుగా నాటితే కాండం పొడవునా వేర్లు పుడతాయి. దోస, బీర వంటి తీగజాతి నారు వేరు కదిలితే ఓర్చుకోలేదు. వేరు చుట్టూ మట్టిముద్ద విడిపోయిన తీగమొక్కలను బతికించడానికి శ్రమపడే బదులు మళ్ళీ గింజలు వేయడమే త్వరగా ఫలితమిస్తుంది. అవి ఎలాగూ రోజుల్లోనే మొలకెత్తి ఎదుగుతాయి.

నిలిచిన మొక్కలకు తరువాతి ముప్పు రెండు దిక్కుల నుంచి వస్తుంది. ఒకటి ఎండ. గాలివాన వెలిసిన మర్నాడు ఆకాశం తేటపడి ఎండ తీవ్రంగా ఉంటుంది, కవరు చాటున మెత్తగా పెరిగిన ఆకులు నేరుగా ఆ ఎండకు తగిలితే తెల్లబడి మాడిపోతాయి. చిరిగిన కవరు మీద 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ తాత్కాలికంగా కప్పి, మొక్కలు తేరుకున్న కొద్దీ ఉదయం పూట కొంచెం కొంచెం తొలగించడం ఒక్కటే మార్గం. ఇంత నష్టం తరువాత మొక్క త్వరగా పుంజుకోవాలని ఎరువు నీళ్ళు పోయాలనిపిస్తుంది, కానీ కొత్త ఆకు విప్పేవరకు ఆగాలి. దెబ్బతిన్న వేరుకు ఉప్పుల గాఢత మేలు చేయదు.

రెండవది నారుకుళ్ళు తెగులు. దీనికి కారణమైన పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు నేల మట్టిలో ఉండేవే. ట్రేలోని శుభ్రమైన మిశ్రమంలోకి నేల మట్టి చిమ్మినప్పుడు, పైనుంచి నీరు నిలిచినప్పుడు, గాలి ఆడనప్పుడు అవి విజృంభిస్తాయి. లేత కాండం నేల మట్టం దగ్గర నీటి మచ్చలా మెత్తబడి, సన్నబడి, మొక్క పక్కకు వాలిపోతుంది. వాలిన తరువాత చికిత్స లేదు. కాబట్టి ట్రేల అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో చూసి తెరవాలి, ఆకుల మీద బురదను ఉదయం పూటే మెల్లగా కడగాలి, సాయంత్రానికి ఆకులు ఆరిపోవాలి, నీరు పైన తడి ఆరిన తరువాతే, వీలైతే అడుగు నుంచే ఇవ్వాలి. ఇక్కడే కిట్టు లోపం మరోసారి అడ్డు తగిలింది. తలుపు తాడుతో అల్లి మూసేశాక గాలి ఆడటానికి మిగిలినవి పక్క కిటికీలు మాత్రమే, అవి చిన్నవి, కింద నుంచి మధ్య వరకే ఉన్నాయి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి కప్పు దగ్గర ఒక చిన్న కిటికీ అయినా ఉండి తీరాలి. ఎండ రోజు మూసిన కవరు లోపల వేడి, తేమ రెండూ పెరిగిపోయి, గాలివాన మిగిల్చిన నారును నారుకుళ్ళు ఎత్తుకుపోయే పరిస్థితి వస్తుంది. మిగిలిన ట్రేలను కవరు లోపల కాకుండా బయట షేడ్‌నెట్ కింద బల్ల మీద పెట్టడమే క్షేమమని తేలింది, ఆపైన ఈ వస్తువు ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

అమ్మకం తరువాతి సేవ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గాలి, వడగళ్ళ వంటి వాతావరణ కారణాల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో రాసే ఉంది. అందులో అన్యాయం లేదు. అన్యాయమల్లా జాయింట్లు, జిప్పు తలుపు విడిభాగాలుగా దొరకకపోవడంలో ఉంది. కవరు మాత్రం విడిగా అమ్ముతారు, అయితే తలుపు దానికే కుట్టి ఉంటుంది కనుక జిప్పు ఒక్కటి పోయినవారు కూడా కవరు మొత్తం కొనవలసిందే. తలుపు గోడను విడి ముక్కగా చేసి అంచు పట్టీలతో తగిలించే ఏర్పాటు చేసి ఉంటే, గాలికి అదొక్కటే ఊడి పడేది, మళ్ళీ తగిలించుకోవడం పది నిమిషాల పని అయ్యేది.

ఈ ధరకు కొంచెం ఎక్కువ పెట్టగలిగినవారు అల్యూమినియం చట్రంలో 4 మిల్లీమీటర్ల రెండు పొరల పాలీకార్బొనేట్ పలకలు బిగించే రకాన్ని చూస్తారు. గాలి విషయంలో దాని స్వభావం పూర్తిగా భిన్నం. సాధారణంగా చట్రం నిలిచే ఉంటుంది, పలకలు క్లిప్పుల నుంచి ఊడి ఎగిరిపోతాయి. పలక మడత పడకుండా దొరికితే తిరిగి అదే గాడిలో పెట్టవచ్చు, ఎండ వైపు ఉండవలసిన పూత వైపును మాత్రం సరిచూసుకోవాలి. నేను పైన అడిగిన ప్రశ్నకు ఈ రకం మెరుగైన జవాబు ఇస్తుంది: ముందు ఓడిపోయేది మార్చుకోదగిన పలక. ఎగిరిన పలక పక్కవారి కిటికీనో మనిషినో తాకే ప్రమాదం ఉన్నందువల్ల అంచుల వెంబడి సిలికాన్ వేసి, అదనపు క్లిప్పులు బిగించడం తప్పనిసరి. గాజు గ్రీన్‌హౌస్‌ను ఈ పోలికలోకి తేవడం లేదు. గాజు పగిలితే ట్రేలలోని మిశ్రమంలో పెంకులు కలిసిపోయి, చేత్తో నారు తీసే పనికి ఆ మిశ్రమం పనికిరాకుండా పోతుంది.

కేవలం నారు కోసమే అయితే మనిషి నిలబడే ఎత్తు నిజంగా అవసరమా అని కూడా ఆలోచించాలి. నేలకు దగ్గరగా గాలి వేగం తక్కువ. మోకాలెత్తు వంపు కడ్డీల మీద పాలిథీన్ కప్పి అంచులు మట్టిలో పూడ్చిన చిన్న సొరంగంలో ఇదే నారు పెరుగుతుంది, పెనుగాలి హెచ్చరిక వచ్చినప్పుడు ట్రేలు లోపలికి తెచ్చుకుని షీటు చుట్టేయడం ఒక్కరి వల్ల అవుతుంది. ఎత్తైన కిట్టుకు కూడా హెచ్చరిక రాగానే కవరు విప్పేయడమే అన్నిటికన్నా మంచి రక్షణ, ఒట్టి పైపుల మధ్య నుంచి గాలి దాటిపోతుంది. కానీ ఈ కవరును విప్పడం ఇద్దరు మనుషులు చాలాసేపు చేయవలసిన పని, గాలి మొదలైన తరువాత అసలు కుదరదు. గాలి దిక్కున కొంత దూరంలో సగం గాలిని వదిలి సగం ఆపే వల తడికెనో గుబురు మొక్కల వరుసనో పెంచుకునే స్థలం ఉంటే అది చాలా మేలు. పూర్తిగా మూసిన గోడ మాత్రం వద్దు. దాని మీదుగా దూకిన గాలి సుడి తిరిగి గ్రీన్‌హౌస్ మీదనే పడుతుంది.

గాలి తక్కువగా ఉండే, నాలుగు వైపులా ఆచ్ఛాదన ఉన్న పెరడులో, అరలను తీసేసి కాళ్ళున్న బల్లలు వేసుకుని, యాంకర్లు విడిగా కొనడానికి సిద్ధపడేవారికి ఈ కిట్టు ఫరవాలేదు; 5కు 3 ఇస్తాను, ఆ మూడింటిలో ఎక్కువ భాగం కవరు అల్లికకు, మట్టిలో పూడ్చే అంచుకు. ఆరుబయట, డాబా మీద, గాలి దిక్కుకు తెరిచి ఉన్న చోట పెట్టాలనుకునేవారికి ఈ రూపంలో దీన్ని సిఫారసు చేయలేను. కొనే ముందు అమ్మకందారును అడగవలసినవి జాయింట్లు ఉక్కువా ప్లాస్టిక్‌వా, అవి విడిగా దొరుకుతాయా, తలుపు కవరు నుంచి వేరు చేయవచ్చా అన్న మూడు విషయాలు. మూడింటికీ సరైన సమాధానం ఇచ్చే కిట్టు దొరికితే దాని కోసం ఒకటిన్నర రెట్లు చెల్లించడానికి కూడా నేను వెనుకాడను.